ల్యాబ్‌లో నా బీపీ 158కి వెళ్లింది... నాకూ నాన్నలాగే అవుతుందా?

ఈసారి ఉత్తరం రాసినవారికి 29 ఏళ్లు. మనసు మీద ఒత్తిడి పడినప్పుడు గుండె, రక్తనాళాలు ఎలా స్పందిస్తాయన్నది ఆమె పీహెచ్‌డీ అంశం. నాలుగో ఏడాది నడుస్తోంది. పేరు, సంస్థ వివరాలు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం చాలా పొడవుగా ఉంది కాబట్టి అందులోని ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

వాళ్ల ల్యాబ్‌కి వచ్చే వాలంటీర్లను ముందు కాసేపు ప్రశాంతంగా కూర్చోబెట్టి బీపీ, గుండె వేగం చూస్తారు. తర్వాత, ముఖంలో ఏ భావమూ కనబడనివ్వని ఇద్దరు పరీక్షకుల ముందు నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడమంటారు. అది అయ్యాక మరో ఐదు నిమిషాలు, 1022 నుంచి 13 చొప్పున తగ్గిస్తూ పైకి లెక్క చెప్పాలి. తప్పు పోతే మళ్లీ మొదటినుంచి. కొన్ని నెలల కిందట ల్యాబ్‌కి కొత్త యంత్రం వచ్చింది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఈమే వాలంటీరుగా నిలబడ్డారు. కూర్చున్నప్పుడు 114/72 ఉన్న బీపీ, మాట్లాడటం మొదలుపెట్టిన రెండో నిమిషానికి 158/96కి వెళ్లింది. గుండె నిమిషానికి 121 సార్లు కొట్టుకుంది. అంతా అయిపోయి ఇరవై నిమిషాలు గడిచినా పై అంకె 128 దగ్గరే ఉంది.

ఆ తర్వాత జరిగిన గ్రూప్ మీటింగ్‌లో గైడ్ ఆ గ్రాఫ్‌ని తెర మీద వేసి, అతిగా స్పందించేవాళ్ల తీరు ఇలా ఉంటుందని వివరించారు. పేరు వేయలేదు. కానీ అది ఎవరి గ్రాఫో ఆ గదిలో అందరికీ తెలుసు. అప్పటినుంచి తోటివాళ్లు ఆమెను ‘హై రియాక్టర్’ అని పిలుస్తున్నారు.

ఆమె తండ్రి 51వ ఏట గుండెపోటుతో పోయారు. ఆ రోజు ఆఫీసులో పెద్ద గొడవ జరిగిందట. ఆయనకు ఎన్నో ఏళ్లుగా సిగరెట్ అలవాటు ఉండేది. "నాన్నని ఆ గొడవే చంపేసిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇప్పుడు నా గ్రాఫ్ చూస్తే నాకూ అదే రాసిపెట్టి ఉందనిపిస్తోంది" అని రాశారు. బీపీ మిషన్ కొనుక్కున్నారు. నిద్ర లేవగానే, ఫోన్‌లో గట్టిగా మాట్లాడిన తర్వాత, అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు చూసుకుంటున్నారు. ఒకసారి 112, ఇంకోసారి 148. డాక్టరు దగ్గరికి వెళితే 146/92 వచ్చింది. ఆయన వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. భయంతో ఈమె వెళ్లలేదు.

ఇంకోటి కూడా ఉంది. ల్యాబ్‌లో ఆమె చాలాసార్లు పరీక్షకురాలి కుర్చీలో కూర్చుంటారు. మొన్నామధ్య ఒక అమ్మాయి లెక్క మధ్యలో ఏడ్చేసింది. నిబంధన ప్రకారం ఈమె కదలకుండా చూస్తూ కూర్చున్నారు. ఆ సాయంత్రం నుంచి ఆ కుర్చీ దగ్గరికి వెళ్లాలంటేనే ఛాతీ పట్టేస్తోందట. ఈ టాపిక్ వదిలేయమని అమ్మ, భయపడేవాళ్లు ఈ పని చేయలేరని గైడ్. నా గుండె కూడా నాన్న గుండెలాంటిదేనా? ఈ పరిశోధన మానేయాలా? ఇవీ ఆమె అడిగిన ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇందులో మీ ఆరోగ్యం గురించిన ప్రశ్న ఒకటుంది, భయం వల్ల పట్టుకున్న అలవాటు ఒకటుంది, మీ పని చోట జరిగిన అన్యాయం ఒకటుంది. మూడూ కలిసిపోయి ఒకే పెద్ద భయంగా కనబడుతున్నాయి. విడదీసి చూస్తే దేనికి ఏం చేయాలో తెలుస్తుంది.

ముందు ఆ 158 సంగతి. అలాంటి పరిస్థితిలో ఆ అంకె రావడం జబ్బు కాదు. మీకు తెలిసిన విషయమే అయినా, భయంలో ఉన్నప్పుడు తెలిసిన విషయాలే ముందు మరుగున పడతాయి కాబట్టి చెబుతున్నాను. మీరు వాడే పరీక్షను జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ తయారు చేసి 1993లో ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఒత్తిడి స్పందనను ఖాయంగా పుట్టించడమే దాని ఉద్దేశం. ఏ పరిస్థితి శరీరాన్ని ఎక్కువగా కుదిపేస్తుందో తేల్చడానికి డికర్సన్, కెమెనీ 2004లో 208 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను అన్నిటికన్నా ఎక్కువగా పెంచినవి రెండు లక్షణాలు కలిసిన పనులు: ఎదుటివాళ్లు మనల్ని అంచనా వేస్తుండటం, పరిస్థితి మన చేతిలో లేకపోవడం.

ఇప్పుడు మీ విషయంలో ఆ రెండూ ఎంత ఉన్నాయో చూడండి. మామూలు వాలంటీరుకి ఎదురుగా కూర్చునేవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లు. బయటికి వచ్చాక వాళ్ల మొహం మళ్లీ చూడక్కర్లేదు. మీ ఎదురుగా కూర్చున్నది రేపు పక్క టేబుల్ దగ్గర పనిచేసే మనుషులు. తెర వెనక రికార్డింగు చూసేది మీ గైడ్. పైగా ఈ పరీక్ష ఎలా సాగాలో అందరికన్నా మీకే బాగా తెలుసు, కాబట్టి తడబడితే మరీ సిగ్గనిపిస్తుంది. అంటే ఆ రోజు మీరు ఎదుర్కొన్న పరీక్ష మీ వాలంటీర్లు ఎదుర్కొనే పరీక్ష కాదు, దానికంటే కఠినమైనది. వాళ్ల సగటు పక్కన మీ అంకె పెట్టి పోల్చడమే తప్పు. అందులోనూ అది ఇంకా సరిచూడని కొత్త యంత్రం, ఒకే ఒక్క రోజు, ఒకే ఒక్కసారి. ఒక మనిషి స్పందనను ఒక్కసారి కొలిస్తే వచ్చే అంకె అంత నిలకడగా ఉండదని, రకరకాల పనుల మీద, వేరు వేరు రోజుల్లో కొలిచి సగటు తీస్తేనే అది నమ్మదగ్గదవుతుందని మీ రంగంలో ఎప్పటినుంచో చెబుతున్న మాటే. వాలంటీరు ఎవరైనా ఒకే కొలత పట్టుకుని "నాకు గుండెపోటు వస్తుందా మేడమ్?" అని అడిగితే మీరేం చెప్పేవారు? అదే జవాబు మీకూ వర్తిస్తుంది.

అయితే ఇదంతా ఉత్త భయమేనని కొట్టిపారేయను. ఒత్తిడికి బీపీ బాగా పెరిగేవాళ్లకు ముందు ముందు రక్తపోటు వచ్చే అవకాశం కొంత ఎక్కువన్న మాటలో నిజముంది. అమెరికాలో 4,000 మందికి పైగా యువతను 13 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో గేమ్, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం, చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టడం లాంటి పనులకు బీపీ ఎక్కువ పెరిగినవాళ్లలో రక్తపోటు ముందుగా మొదలైంది. తర్వాత 2010లో చీడా, స్టెప్టో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. సంబంధం ఉందని తేలింది. ఎంత? దాదాపు 0.09. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం అనుకుంటే, 0.09 ఎక్కడుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని వర్గం చేస్తే ఒక శాతం కూడా రాదు, అంటే మనిషికీ మనిషికీ మధ్య ముప్పులో ఉండే తేడాలో ఒక శాతాన్ని కూడా ఇది వివరించలేదు. వేలమందిని కలిపి చూసినప్పుడు ఆ తేడా కనబడుతుంది, శాస్త్రానికి అది విలువైనదే. కానీ ఒక్క మనిషిని పట్టుకుని ఆమె భవిష్యత్తు చెప్పడానికి అది బొత్తిగా చాలదు. మీ గైడ్ ఆ గ్రాఫ్‌ని ఒక మనిషి స్వభావంగా చూపించడం మర్యాద ప్రకారమే కాదు, శాస్త్రం ప్రకారం కూడా సరికాదు.

ఇంకో మాట. తక్కువ స్పందన అంటే మంచి ఆరోగ్యమని కూడా కాదు. డగ్లస్ కారల్, అన్నా ఫిలిప్స్ వంటివాళ్ల పరిశోధనల్లో ఒత్తిడికి మరీ మందంగా స్పందించేవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు, పొగ తాగే అలవాటు, ఊబకాయం ఎక్కువగా కనబడ్డాయి. పెరగాల్సిన చోట పెరగడం శరీరం చేసే పని.

ఇక నాన్నగారి సంగతి. దీని గురించి కాస్త నిదానంగా మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ భయానికి వేరు ఇక్కడే ఉంది. గొడవ జరిగిన రోజునే ఆయన పోయారు కాబట్టి గొడవే చంపిందని అమ్మగారు అనుకోవడం సహజం. తీవ్రమైన ఉద్వేగం గుండెపోటుకు తక్షణ ప్రేరణ కాగలదన్నదీ నిజమే. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చిన రోజు, గుండె రక్తనాళాల జబ్బు వల్ల హఠాత్తుగా చనిపోయినవాళ్లు 24 మంది. అంతకుముందు వారంలో రోజుకు సగటున 4.6. ఈ లెక్కలు చెప్పిన పరిశోధన పేపరు మీరు చదివే ఉంటారు. అదే పేపరులో ఇంకో సంగతి ఉంది: ఆ తర్వాతి ఆరు రోజుల్లో అలాంటి మరణాలు మామూలు సగటు కంటే తగ్గాయి. అంటే, రక్తనాళాలు అప్పటికే బాగా దెబ్బతిని ఉన్నవాళ్ల విషయంలో ఆ భయం ఆఖరి తోపు అయిందని అర్థం చేసుకోవచ్చు. ఏ జబ్బూ లేని గుండెలన్నీ ఒక్కసారిగా ఆగిపోలేదు. మీ నాన్నగారి రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం ఆ ఉదయం మొదలవలేదు. అందులో సిగరెట్ల వాటా ఉంది. కొలెస్ట్రాల్, బీపీ, షుగర్ ఎలా ఉండేవో మనకు తెలియదు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గుండెపోటు ముప్పులో చాలా భాగానికి కారణమయ్యే తొమ్మిది అంశాలను గుర్తించింది. మానసిక ఒత్తిడి అందులో ఒకటి. పొగాకు, కొవ్వులు, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, శరీరశ్రమ లేకపోవడం కూడా అందులోనే ఉన్నాయి. మీ టాపిక్ ఒత్తిడి కాబట్టి మీ కంటికి అదొక్కటే పెద్దగా కనబడుతోంది.

నాన్నగారి నుంచి మీకు రాగలిగిన ముప్పు ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ 55 ఏళ్ల లోపు గుండె జబ్బు వస్తే దాన్ని కుటుంబ చరిత్రగా లెక్కలోకి తీసుకుంటారు. మీరు ఆ లెక్కలోకి వస్తారు. అది మీ గ్రాఫ్‌లో కనబడదు, రక్తపరీక్షలో కనబడుతుంది. కొలెస్ట్రాల్ పరీక్ష, షుగర్, వీటితోపాటు లైపోప్రోటీన్-ఏ (రక్తంలో కొవ్వును మోసే ఒక రకం కణం) పరీక్ష. ఈ చివరిది ఎక్కువగా వంశపారంపర్యంగా నిర్ణయమవుతుంది, అందుకని జీవితంలో ఒకసారి చేయించుకుంటే సాధారణంగా సరిపోతుంది. నాన్నగారి పాత ఆసుపత్రి కాగితాలు ఇంట్లో ఉంటే అమ్మగారిని అడిగి తీసుకోండి. మీరు అడిగితే ఆమెకు బాధ కలగొచ్చు, కానీ డాక్టరుకి ఆ కాగితాలు మీ ల్యాబ్ గ్రాఫ్‌కంటే వెయ్యి రెట్లు ఉపయోగపడతాయి.

ఇప్పుడు బీపీ మిషన్ దగ్గరికి వద్దాం. అర్ధరాత్రి మెలకువ వస్తుంది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినబడుతున్నట్టుంటుంది. లేచి పట్టీ చుట్టుకుంటారు. అది బిగుసుకుంటుంటే తెలియకుండానే ఊపిరి బిగబడతారు, కళ్లు ఆ అంకె మీదే. 139 వస్తుంది. నమ్మకం కుదరక వెంటనే మళ్లీ నొక్కుతారు. ఈసారి 145. ఇంకోసారి. మీరు రాసిన దాన్నిబట్టి జరుగుతున్నది ఇదే. ఆ అంకెలు మీ గుండె గురించి చెప్పడం లేదు, ఆ నిమిషంలో మీరు ఎంత భయపడుతున్నారో చెబుతున్నాయి. మీ ల్యాబ్‌లో పరీక్షకులు చేసే పని ఇంట్లో ఆ మిషన్ చేస్తోంది. ఫోన్‌లో గొడవపడిన వెంటనే వచ్చిన 148ని పట్టుకుని రక్తపోటు ఉందని తేల్చడం కుదరదు.

ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి ఇక్కడే ఉంది. ఒత్తిడికి బీపీ పెరగడం ఒక ఎత్తు, అది దిగిరాకపోవడం ఇంకో ఎత్తు. బ్రోషాట్, గెరిన్, థేయర్ 2006లో గట్టిగా వాదించింది ఇదే: జరిగిపోయిన దాన్ని, జరగబోయే దాన్ని మనసులో తిప్పుకుంటూ ఉంటే, అసలు సంఘటన ముగిసినా శరీరం దాన్ని ముగించదు. కోపం తెప్పించే సంగతి గుర్తుచేసుకున్న తర్వాత ఖాళీగా కూర్చున్నవాళ్ల కంటే, వేరే దాని మీదికి దృష్టి మళ్లించినవాళ్ల బీపీ త్వరగా దిగిందని ప్రయోగాల్లో చూశారు. ఇరవై నిమిషాల తర్వాత కూడా మీది 128 దగ్గర ఎందుకుంది? పని అయిపోయాక మీరు ఎక్కడ కూర్చున్నారు? స్క్రీన్ మీద మీ అంకెలే చూస్తూ కూర్చున్నారేమో గుర్తుచేసుకోండి. అదే అయితే అది కోలుకునే సమయం కాదు, పరీక్షలో ఇంకో భాగం.

మిషన్ విషయంలో మీ ముందు రెండు మూడు దారులున్నాయి. ఒకటి, దాన్ని పూర్తిగా ఇంట్లోంచి పంపేయడం. మొదటి కొన్నాళ్లు భయం తగ్గదు సరికదా పెరుగుతుంది, చూసుకోకపోతే ఏదో జరిగిపోతుందనిపిస్తుంది. తట్టుకోగలిగితే ఆ ఉధృతి మెల్లగా తగ్గుతుంది. కాకపోతే డాక్టరుకి చూపించడానికి ఇంటి రీడింగులు ఉండవు. రెండోది, డాక్టరు కోసం ఒక వారం మాత్రం పద్ధతి ప్రకారం చూసి తర్వాత పక్కన పెట్టేయడం. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో. అంతకుముందు అరగంటలో కాఫీ, సిగరెట్, వ్యాయామం ఏవీ లేకుండా, మూత్రం ఆపుకోకుండా, వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చున్నాక. పట్టీ మీ చేతికి సరిపడే సైజుదేనా చూసుకోండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. అది 135/85 లోపు ఉంటే ఇంటి రీడింగుల లెక్కన మామూలే. ఈ దారిలో ప్రమాదం ఏమిటంటే, వారం అయిపోయాక కూడా చేయి మిషన్ వైపు వెళుతుంది. అందుకే ఆ వారం అంకెలు మీరు రాయకుండా ఇంట్లో ఇంకొకరితో రాయించండి, వారం ముగిశాక మిషన్‌ను వాళ్ల దగ్గరే ఉంచండి. ఈ రెండూ మీ వల్ల కావట్లేదంటే సైకాలజిస్టును కలవండి. ఇలా పదే పదే చూసుకునే అలవాటును మాన్పించడానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో పనికొచ్చే పద్ధతులున్నాయి. మీరు మనస్తత్వశాస్త్రం చదివారు కాబట్టి మీ అంతట మీరే బయటపడాలన్న నియమం ఎక్కడా లేదు.

డాక్టరు దగ్గర వచ్చిన 146/92 మాత్రం తేలాల్సిన విషయం. తెల్లకోటు చూస్తే బీపీ పెరిగి, ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లు ఎంతోమంది ఉంటారు. మీరూ వాళ్లలో ఒకరు కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఊహతో తేలేది కాదిది. అన్నిటికన్నా స్పష్టంగా తేల్చేది 24 గంటల బీపీ పరీక్ష. నడుముకి చిన్న పెట్టె, చేతికి పట్టీ. పగలూ రాత్రీ ఇంత సమయానికి ఒకసారి అదే చూసుకుంటుంది. ఆ రాత్రి నిద్ర కాస్త చెడుతుంది, పట్టీ బిగుసుకున్నప్పుడల్లా గుండె ఝల్లుమనవచ్చు. అంకెలు తెర మీద కనబడకుండా పెట్టమని ముందే అడగండి, చాలా యంత్రాల్లో ఆ వీలుంటుంది. 24 గంటల సగటు 130/80 లోపు ఉండి, రాత్రి నిద్రలో బీపీ పగటికంటే పది ఇరవై శాతం తగ్గుతుంటే అది మంచి కబురు. అప్పుడు కూడా ఏడాదికోసారి చూపించుకోండి, ఎందుకంటే తెల్లకోటు బీపీ ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత నిజం రక్తపోటు వస్తుంది. ఎక్కువే వస్తే? 29 ఏళ్లకే తెలిసిందన్న మాట. మరీ ఎక్కువ లేకపోతే డాక్టర్లు సాధారణంగా ఉప్పు, బరువు, నిద్ర, వ్యాయామం దగ్గర మొదలుపెడతారు, అవసరమైతే మందు ఇస్తారు. ఇంత చిన్న వయసులో బీపీ ఎక్కువుంటే కిడ్నీ, హార్మోన్ల లాంటి కారణాలేమైనా ఉన్నాయేమో కూడా వెతుకుతారు. వెళ్లకుండా ఉండటమూ ఒక దారే. అలా ఉంటే ఏ జవాబూ దొరకదు, రాత్రుళ్లు ఇలాగే గడుస్తాయి. నాకైతే అలా వెళ్లకుండా ఉండటమే అన్నిటికన్నా బరువైన దారిగా కనబడుతోంది.

ఛాతీ పట్టేస్తోందని రాశారు కదా. ఆ కుర్చీ గుర్తొచ్చినప్పుడే వస్తే అది ఆందోళన వల్ల కావచ్చు, అయినా డాక్టరుకి చెప్పి తీరాలి. మెట్లెక్కుతున్నప్పుడు, వేగంగా నడుస్తున్నప్పుడు వచ్చి ఆగితే తగ్గుతున్నా, చెయ్యి, దవడ వైపు పాకుతున్నా, ఆయాసం, చెమటలు, స్పృహ తప్పడం ఉన్నా, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక పరిశోధన. భయపడేవాళ్లు ఈ పని చేయలేరన్న మాటతో నేను ఏకీభవించను. ఆ పరీక్షలో నిలబడినప్పుడు కడుపులో ఏం జరుగుతుందో, బయటికొచ్చాక ఎవరైనా ఒక్క మాట మాట్లాడితే ఎంత బాగుండుననిపిస్తుందో మీకిప్పుడు తెలుసు. అది ఈ రంగానికి కావాల్సిన అనుభవం. కానీ ఈ స్థితిలో అదే కుర్చీలో కూర్చుంటూ ఉండాలని కూడా అనను.

టాపిక్ మార్చుకోవచ్చు. అప్పుడు రోజూ ఆ గ్రాఫులు కళ్లబడవు. కానీ నాలుగో ఏడాదిలో మార్చడమంటే సేకరించిన డేటాను, ఇంకో రెండు మూడేళ్లను వదులుకోవడం, ఆ గడువు టెన్షన్ కొత్తగా నెత్తికెత్తుకోవడం. పైగా నాన్నగారి గురించిన భయం టాపిక్‌తో పాటు వెళ్లిపోదు. కొన్ని వారాలు సెలవు తీసుకోవచ్చు. వైద్య పరీక్షలు, థెరపీ మొదలుపెట్టడానికి అది బాగా పనికొస్తుంది. ఏమీ పెట్టుకోకుండా ఇంట్లో కూర్చునే సెలవైతే మాత్రం ఆలోచనలకు తీరిక దొరుకుతుంది. మూడోది, పని కొనసాగిస్తూ మీ పాత్ర మార్చుకోవడం. పరీక్షకురాలి కుర్చీ ఇంకొకరికి అప్పగించి మీరు డేటా విశ్లేషణ, రాత పని, పరీక్ష అయ్యాక వాలంటీర్లతో మాట్లాడే బాధ్యత తీసుకోవడం. గైడ్ ఒప్పుకోవాలి, తోటివాళ్లకు పని పెరుగుతుంది, కాస్త గొణుగుతారు. అయినా మీ పరిస్థితికి ఇదే ఎక్కువ నప్పుతుందని నాకనిపిస్తోంది. మీ ల్యాబ్‌లో మనుషులెలాంటివాళ్లో మీకే తెలుసు కాబట్టి తేల్చుకోవాల్సింది మీరే.

ఏడ్చిన ఆ అమ్మాయి గురించి మీలో అపరాధ భావం ఉంది. అది మంచి మనసుకు గుర్తే, కానీ దాన్ని మోస్తూ కూర్చోకండి, పనిలోకి తీసుకెళ్లండి. పరీక్షను ఎప్పుడు ఆపాలో మీ ప్రోటోకాల్‌లో స్పష్టంగా రాసి ఉందా? లేకపోతే రాయించండి. పరీక్షకులు కావాలనే నవ్వకుండా ఉన్నారని, లెక్క ఎవరికీ కుదరనంత కష్టంగా పెట్టారని, ఆమె పనితీరుకు మార్కులేమీ లేవని ఆ అమ్మాయికి బయటికి పంపేముందు ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఇప్పటికైనా ల్యాబ్ తరఫున ఆమెతో మాట్లాడించండి, జరిగింది ఎథిక్స్ కమిటీకి తెలియజేయండి. కమిటీకి రాస్తే గైడ్‌కి నచ్చకపోవచ్చు. ముందు ఆయనకే చెప్పి, ఇద్దరి పేరు మీద రాద్దామంటే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

మీకు మీ రంగంలోనే పనికొచ్చేది ఇంకొకటుంది. జెమీసన్, నాక్, మెండెస్ 2012లో ఇదే పరీక్షకు ముందు కొందరికి, గుండె వేగంగా కొట్టుకోవడం పనికి సాయపడే సంగతని వివరించారు. వాళ్ల గుండె అలాగే వేగంగా కొట్టుకుంది, కానీ రక్తాన్ని మెరుగ్గా పంపు చేసింది, రక్తనాళాలు తక్కువగా బిగుసుకున్నాయి. గుండెదడ మొదలవగానే ‘ఇది నాన్నకొచ్చిందే’ అనుకోవడానికి, ‘ఇది నన్ను సిద్ధం చేస్తోంది’ అనుకోవడానికి మధ్య తేడా శరీరంలో కూడా కనబడుతుందన్న మాట. దీనికి తోడు రోజూ కాసేపు నిమిషానికి ఆరుసార్ల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం. డాక్టరు వద్దనకపోతే నడక ఈ వారమే మొదలుపెట్టండి.

ఆఖరుగా ఆ గ్రాఫ్. యంత్రం సరిచూడటానికి మీరు నిలబడ్డారు, మీటింగ్‌లో పాఠంగా చూపించడానికి కాదు. అది మీ వైద్య సమాచారం, తీసేయమని అడిగే హక్కు మీకుంది. గైడ్ ఒంటరిగా ఉన్నప్పుడు సూటిగా ఇలా చెప్పొచ్చు: "సార్, ఆ గ్రాఫ్ నాదని అందరికీ తెలిసిపోయింది. దానివల్ల నాకు ఇబ్బందిగా ఉంది. స్లైడ్‌లోంచి తీసేయండి, దాని బదులు పేరు తెలియని వాలంటీరు డేటా నేనే తయారు చేసి ఇస్తాను. వైద్య పరీక్షలు పూర్తయ్యేదాకా పరీక్షకురాలిగా కూర్చోలేను, విశ్లేషణ పని నేను చూసుకుంటాను." చాలామంది గైడ్‌లు తాము చేసింది అప్పటిదాకా గమనించి ఉండరు, ఇలా అడిగితే సర్దుకుంటారు. ఆయన కోప్పడితే, కొట్టిపారేస్తే, డాక్టొరల్ కమిటీలో మీకు నమ్మకమున్న సభ్యుణ్ని కలవండి. అలా వెళితే గైడ్‌తో కొన్నాళ్లు ఎడమొహం పెడమొహం తప్పకపోవచ్చు, సిఫార్సు లేఖల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. అందుకే నోటిమాటగా అడిగిన తర్వాత అదే సంగతి క్లుప్తంగా మెయిల్ చేసి పెట్టుకోండి. ‘హై రియాక్టర్’ అని పిలిచే వాళ్లలో మీకు కాస్త దగ్గరైనవాళ్లు ఒకరుంటారు కదా, ముందు వాళ్లకు చెప్పండి, ఆ పిలుపు నన్ను బాధిస్తోందని. టాపిక్ ఉంచుకోవాలా వదలాలా అన్న నిర్ణయం మాత్రం 24 గంటల రిపోర్టు, రక్తపరీక్షలు చేతికొచ్చేదాకా వాయిదా వేయండి.